ఎవరూ ముట్టరనుకున్న పద్దు

మా రాష్ట్రంలో బడ్జెట్ రాసేవాళ్ళకు ఒక విద్య ఉంది. ఏ కాలేజీలోనూ చెప్పరు గానీ, ఏ శాఖలోనైనా నాలుగు చలికాలాలు గడిపినవాడికి దానంతటదే వస్తుంది. ఆకులు రాలే రోజుల్లో గవర్నరు ఆఫీసు నుంచి అన్ని శాఖలకూ ఒకే తాఖీదు వస్తుంది. మీకిచ్చే డబ్బులో నూటికి ఐదు తగ్గించాల్సి వస్తే ఏం మానేస్తారో రాసి పంపండి అని. అమాయకుడు నిజంగా మానేయగలిగినవే రాస్తాడు. శాసనసభ కమిటీ వాటిని సంతోషంగా కోసేస్తుంది, వాడు లబోదిబోమంటాడు. తెలిసినవాడు మాత్రం ఎవరూ ముట్టడానికి సాహసించనివి రాస్తాడు. పేపర్లో పడుతుంది, జనం గగ్గోలు పెడతారు, సెనేటర్ల ఫోన్లు ఆగకుండా మోగుతాయి. వాళ్ళు హడలిపోయి ఆ పద్దును పక్కన పెడతారు, దానితోపాటు కోత కూడా పక్కకు పోతుంది. దీన్ని మోసం అనరు. అనుభవం అంటారు.

సహజ వనరుల శాఖలో బడ్జెట్ అధికారి మార్లిస్ కివెలా ఈ అనుభవంలో పండిపోయిన మనిషి. ఒక ఏడు జూలై నాలుగు, స్వాతంత్ర్య దినం సెలవులకు పార్కులన్నీ మూసేస్తామని రాసింది. వారం తిరక్కుండా కమిటీ ఆ పద్దు వెనక్కి ఇచ్చేసింది. ఇంకో ఏడు అడవిలో మంటలు కనిపెట్టే విమానాన్ని రాసింది. అదీ క్షేమంగా వెనక్కి వచ్చింది. "మార్లిస్ కత్తి పడితే రక్తం చుక్క రాలదు" అని మా డైరెక్టర్ వెండెల్ అందరి ముందూ మెచ్చుకునేవాడు. ఆమె వద్దు వద్దంటూనే ముసిముసిగా నవ్వేది.

ఆ ఏడు ఏం రాయాలన్నది ఇద్దరూ తలుపు వేసుకుని ఆలోచించారు. నిజాయితీగా రాయాలంటే జవాబు ఇద్దరికీ తెలుసు. నాలుగో అంతస్తులో, మార్లిస్ గదికి ఎదురుగానే, పటాలూ కరపత్రాలూ తయారుచేసే విభాగం ఒకటుంది. వాళ్ళు అచ్చువేసే రంగుల పుస్తకాలు ఎవరూ చదవరు. కట్టలు కట్టలుగా నేలమాళిగలో పడి ఉంటాయి. కానీ ఆ విభాగంలో పనిచేసేవాళ్ళంతా మార్లిస్‌కు స్నేహితులు. ఎవరి పుట్టినరోజుకు ఎవరు కేకు తెస్తారో ఆమెకు కంఠతా వచ్చు. రోజూ మొహాలు చూసుకునేవాళ్ళ కూడు తీయడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఎక్కడో దూరంగా ఉన్నవాళ్ళ కూడు తీస్తానని ఊరికే బెదిరించడం అంత కష్టం కాదు.

"నార్డెన్ చేపల హేచరీ రాద్దాం" అంది మార్లిస్.

వెండెల్ కుర్చీలో వెనక్కి వాలి పడీపడీ నవ్వాడు. "అమ్మో, నువ్వు మామూలుదానివి కాదు! ప్రోక్టర్ ఏటా గాలం వేసే ఊరు. సీజన్ మొదటిరోజు పట్టిన చేపతో ఆయన ఫోటో ఆయన గది గోడకే ఉంది. చచ్చినా ముట్టుకోడు."

డెల్మార్ ప్రోక్టర్ అంటే మా శాఖ డబ్బు తేల్చే కమిటీకి అధ్యక్షుడు.

"ముట్టుకోడనేగా."

"ఆగు. ఆ హేచరీ నడిపేది మీ అక్క మొగుడు కదూ?"

"అందుకే రాస్తున్నా. సొంతవాళ్ళ పేరు రాస్తే నిజంగానే గతిలేక రాశారనుకుంటారు."

"ఆయనకి ముందే చెప్తావా?"

"చెప్తే బావ నటించాలి. ఆయనకి నటించడం చేతకాదు" అంది మార్లిస్, ఆ మాట తన తెలివికి నిదర్శనం అన్నట్టు.

నార్డెన్ హేచరీ గురించి మా వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో మంచు కరిగి నది కదలగానే వాలై అనే చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. హేచరీ వాళ్ళు వాటిని వలలో పట్టి, పొట్ట నిమిరి గుడ్లు తీసి, చేపల్ని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. ఆ గుడ్లు పెద్ద పెద్ద గాజు జాడీల్లో పొదిగి పిల్లలవుతాయి. ఆ పిల్లల్ని రాష్ట్రంలో ఉన్న సరస్సులన్నిటిలోనూ పోస్తారు. మా తాత పట్టిన ఫలానా చేప నార్డెన్‌దే అని చెప్పుకోని ఇల్లు మా దగ్గర లేదు. దాన్ని నడిపే ఓర్విల్ టాంగెన్ మార్లిస్ అక్క ఆర్డిస్ భర్త. మార్లిస్ కాలేజీ చదువు చాలా వరకు ఆ జాడీలు కడిగి సంపాదించుకున్న చదువే.

జనవరిలో జాబితా పేపర్లో పడింది. ఆ పొద్దున్నే ఆర్డిస్ ఫోన్ చేసింది.

"ఒసేయ్, ఇదేంటే పేపర్లో? మమ్మల్ని మూసేస్తారా? నువ్వక్కడ కూచుని గోళ్ళు గిల్లుకుంటున్నావా?"

"అక్కా, అరవకు. అది ఊరికే జాబితా. ఇంకా ఏం కాలేదు."

"జాబితా రాసింది నువ్వేగా?"

"నేనే. ఆఫీసు పని అది. నువ్వో పని చెయ్యి. ఊళ్ళో అందరిచేతా సెనేటర్లకి ఫోన్లు చేయించు. ప్రోక్టర్‌కి మరీను. బాగా అరిచేవాళ్ళని చూసి చేయించు."

"అరిచేవాళ్ళకి ఇక్కడ కరువా! మీ బావే నోరెత్తడు. గవర్నమెంటు ఉద్యోగి అలా ఒత్తిళ్ళు తేకూడదంట. పొద్దున్నించి ఒక్క మాట లేదు. లేచి జాడీలు తోముకుంటున్నాడు."

ఫోన్ పెట్టేశాక మార్లిస్‌కు కాసేపు పని సాగలేదు. జాడీలు తోముకుంటున్నాడన్న మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా ఏముందిలే, రెండు నెలల్లో అంతా సర్దుకుంటుంది, అప్పుడు చెప్పి అందరం నవ్వుకోవచ్చు అని తనకు తాను నచ్చజెప్పుకుంది. మనకు మనం నచ్చజెప్పుకోవడం ఎంత సులువో అందరికీ తెలిసిందే.

ఈస్టర్ ముందటి ఉపవాస కాలంలో శుక్రవారాలు మాంసం ముట్టరు కాబట్టి, నార్డెన్ చర్చి కింది హాల్లో ఊరంతటికీ చేపల వేపుడు భోజనం పెడతారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మార్లిస్ కారేసుకుని అక్కడికి వెళ్ళింది. వెళ్ళకపోతే దోషిలా కనిపిస్తానని వెళ్ళింది. వెళ్ళాక ఇంకా దోషిలా కనిపించింది.

గుమ్మంలోనే బోట్లు అద్దెకిచ్చే ముసలాయన ఎదురయ్యాడు. "రావమ్మా రా! చేప తినడానికొచ్చావా? తిను తిను. వచ్చే ఏడాది నుంచి టిన్నుల్లో సార్డీన్లే." వంటింట్లో ఆడవాళ్ళు పిండిలో చేప ముక్కలు ముంచుతూ తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నారు. ఆర్డిస్ పళ్ళెంలో రెండు ముక్కలు, క్యాబేజీ సలాడ్, రై రొట్టె వేసి చెల్లెలి ముందు ఠపీమని పెట్టింది. నిమ్మకాయ చెక్క మాత్రం వెయ్యలేదు. అందరికీ వేసింది.

ఓర్విల్ బల్ల చివర కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, చన్నీళ్ళలో ఏళ్ళ తరబడి నిలబడి వేళ్ళు కొయ్యబారిపోయిన మనిషి. పక్కనే హేచరీలో పనిచేసే టోయివో. భారీ మనిషి, పెద్ద మెడ, మెల్లగా మాట్లాడతాడు. ఇంకా ఇద్దరు పనివాళ్ళూ వాళ్ళ భార్యలూ ఉన్నారు.

బోట్ల ముసలాయన పళ్ళెం పట్టుకుని అక్కడికే వచ్చాడు. "ఓర్విల్, నీ మరదలు నీ గొంతు కోస్తుంటే నువ్వు ఉప్పు అందిస్తున్నావేంటయ్యా?"

"ఊరుకో" అన్నాడు ఓర్విల్. "దాని పని అది చేస్తోంది. రాష్ట్రం మొత్తం లెక్క చూసేది అది. మనకి కనపడేది మన నదొక్కటే. అది మన పేరు రాసిందంటే ఇంకో దారి లేకే రాసుంటుంది."

మార్లిస్ పళ్ళెం పక్కకు జరిపింది. నీళ్ళు తాగింది. ఆ నిమిషంలోనే చెప్పేయాల్సింది. బావా, ఇది నాటకం, ఏమీ కాదు అని ఒక్క ముక్క చెవిలో వేస్తే అయిపోయేది. కానీ బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. ఆ మాట రేపు పేపర్లోకెక్కితే శాఖ పరువు గంగలో కలుస్తుంది. పైగా ఊళ్ళో కోపం నిజమైన కోపం కావాలి, అప్పుడే అది కమిటీ గదిలో పనిచేస్తుంది. ఇలా ఆలోచిస్తున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆలోచిస్తూనే ఉంది.

"మేం కాకపోతే ఎవర్ని తియ్యాలి మార్లిస్?" అని అడిగాడు ఓర్విల్. నిష్టూరం కాదు, తెలుసుకోవాలని.

"అందరూ ఇరుకులోనే ఉన్నారు బావా. అడవి మంటలార్పే దళంలోకి... ఇద్దరు కుర్రాళ్ళని కొత్తగా తీసుకున్నాం. వాళ్ళ జీతాలకే తంటాలు పడుతున్నాం."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఆ దళంలోకి రెండేళ్ళుగా ఎవర్నీ తీసుకోలేదు. దాని డబ్బు వేరే నిధి నుంచి వస్తుంది, ఈ కోతతో దానికి సంబంధమే లేదు. ఎదుట ఉన్న మనిషి కళ్ళలోకి చూస్తూ ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పింది.

"ఇద్దరు కుర్రాళ్ళు" అన్నాడు ఓర్విల్ నెమ్మదిగా. టోయివో తినడం ఆపి ఆయన వైపు చూశాడు.

"బావా, నువ్వొచ్చి కమిటీ ముందు మాట్లాడు. ప్రోక్టర్ నిన్నెలాగూ పిలుస్తాడు. మొహమాటపడకుండా హేచరీ కావాలని గట్టిగా చెప్పు."

"నాకు మాట్లాడటం ఎక్కడొచ్చు? మనసులో ఉన్నది చెప్తాను. అంతే."

"అది చాలు" అంది మార్లిస్, గండం గడిచినట్టు.

మార్చిలో కమిటీ కూర్చున్న రోజున నార్డెన్ నుంచి చర్చి బస్సు నిండా జనం వచ్చారు. అందరి తలల మీదా చేప బొమ్మ టోపీలు. గది చాలక గోడల వెంబడి నిలబడ్డారు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఎర్రదీపం వెలిగితే ఆపేయాలి. బోట్ల ముసలాయన దీపం వెలిగినా ఆపలేదు, ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది. స్కూలు టీచరమ్మ ఏడ్చింది. మోటెల్ నడిపే ఆవిడ ప్రోక్టర్‌కు ఆయన బాకీ పడ్డ రెండు బీర్లు గుర్తుచేసింది. గదంతా నవ్వింది. ప్రోక్టర్ కూడా నవ్వాడు. శాఖ అధికారుల వరుసలో కూర్చున్న వెండెల్ మార్లిస్ వైపు వంగి, "పెళ్ళిలా సాగుతోంది" అని గుసగుసలాడాడు. ఎవరి ముఖం చూసినా తెలిసిపోతోంది, ఆ పద్దు మధ్యాహ్నం భోజనాల లోపు వెనక్కి వచ్చేస్తుందని.

అప్పుడు ప్రోక్టర్ ఓర్విల్‌ను పిలిచాడు. శాఖ వాళ్ళిచ్చే ఆకుపచ్చ చొక్కా ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు ఓర్విల్. మైకు ముందు కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల కింద పెట్టుకున్నాడు.

"చెప్పు ఓర్విల్. మేం మూసేస్తే ఏమవుతుంది?"

"వెంటనే ఏం కాదండి. నాలుగైదేళ్ళు సరస్సుల్లో చేపలుంటాయి. ఆ తర్వాత గాలాలు ఖాళీగా వస్తాయి. అప్పుడు మళ్ళీ తెరుద్దామన్నా పని తెలిసినవాళ్ళుండరు. నష్టమే. కాదని ఎవరంటారు."

"మరి మూయొద్దంటావ్."

ఓర్విల్ మైకు కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. "అదే అనడానికొచ్చానండి. దారిపొడుగునా అదే అనుకుంటూ వచ్చాను. కానీ ఈ జాబితా రాసింది నా మరదలు. అదిగో, అక్కడ కూచుంది. మా పెళ్ళిలో మా ముందు పూలబుట్ట పట్టుకు నడిచింది అదే. మా ఇంట్లో తిని, మా దగ్గర పనిచేసి చదువుకుంది. మా పేరు రాసేటప్పుడు దానికెంత కష్టమైందో నాకు తెలుసు. ఇంకెక్కడన్నా సందుంటే మమ్మల్ని రాయదు. మమ్మల్ని ఉంచమంటే మా బదులు ఇంకెవరో ఇంటికెళ్ళాలి. మంటలార్పే దళంలో ఇద్దరు కుర్రాళ్ళు కొత్తగా చేరారంట. వాళ్ళకి ముందంతా బతుకుంది. మేం చాలా ఏళ్ళు చేశాం. వాళ్ళని పంపించి మమ్మల్ని ఉంచండి అనడానికి నాకు నోరు రావట్లేదండి. మావాళ్ళు ముగ్గురితోనూ మాట్లాడాను. వాళ్ళూ సరేనన్నారు. అంతేనండి."

వెనక గోడ దగ్గర ఎవరో "ఓరి దేవుడా" అన్నారు. టోపీలు ఒకటొకటిగా తలల మీదినుంచి దిగాయి. వెండెల్ ముఖం పాలిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది ఆ గదిలో అందరి కళ్ళముందూ జరుగుతోంది.

ప్రోక్టర్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. మార్లిస్ వైపు తిరిగాడు. "కివెలా గారూ, సూటిగా అడుగుతున్నాను. ఈయన చెప్పినట్టేనా? మీ శాఖలో కొయ్యడానికి ఇంకో చోటు లేదా?"

ఒక్క మాట చాలు. ఉంది అంటే చాలు. కానీ ఉంది అంటే ఎక్కడ అని అడుగుతాడు. ఎక్కడంటే నాలుగో అంతస్తు, తన గదికి ఎదురు తలుపు. ఆ తర్వాత ఇంతకాలం ఎందుకు దాచావంటాడు. పాత పార్కులూ పాత విమానమూ అన్నీ బయటికొస్తాయి. మార్లిస్ ఓర్విల్ వైపు చూసింది. ఆయన కుర్చీలో సగం తిరిగి, పరవాలేదు చెప్పు అన్నట్టు తల ఊపుతున్నాడు.

"లేదండి, అధ్యక్షా" అంది.

ఓటింగు తొందరగా అయిపోయింది. బయట వరండాలో ఓర్విల్ ఆమె దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మనసు పాడుచేసుకోకు అమ్మాయ్. ఆ కుర్చీలో కూచోడం నా వల్ల కాదు" అన్నాడు. ఆర్డిస్ మాత్రం దగ్గరికి రాలేదు. బస్సు కిటికీలోంచి చెల్లెల్ని చూసి, ముఖం తిప్పుకుంది.

మార్లిస్ రెండు రోజులు ఆఫీసుకు వెళ్ళలేదు. మూడో రోజు పొద్దున లేచి నేరుగా ప్రోక్టర్ గదికి వెళ్ళింది. గోడ మీద చేపతో ఆయన ఫోటో ఉంది, అందులో పక్కన గట్టు మీద ఓర్విల్ కూడా ఉన్నాడు, సగం కత్తిరించినట్టు. కూర్చోకుండానే చెప్పేసింది. ఇంకో చోటు ఉంది, ఇదంతా ఎర, ఆ కుర్రాళ్ళు లేరు, కోత ఇలా మార్చండి, నా ఉద్యోగం పోతే పోనీ అని.

ప్రోక్టర్ ఆశ్చర్యపోలేదు. అది ఆమెకు మరీ భయం కలిగించింది.

"ఎర అని నాకు తెలీదా అమ్మా? మీరు ఎర వెయ్యడం, మేం ఉమ్మెయ్యడం, నేనీ కుర్చీలోకి రాకముందు నుంచీ ఉన్న ఆటే. ఆ రోజు మధ్యాహ్నానికి వెనక్కి ఇచ్చేద్దామనే కూచున్నాను. ఆ గదిలో ఆట అని తెలీని మనిషి ఒక్కడే. ఆయన్ని ఆటలోకి దించింది మీరు."

"ఇప్పుడు సరిచెయ్యండి. నేను అందరి ముందూ చెప్తాను."

"బిల్లు నిన్న సభ దాటింది. హేచరీ దగ్గర మిగిలిన డబ్బు మూడు ముక్కలై మూడు ఊళ్ళకి పోయింది. ఇప్పుడు ఆ బిల్లు మళ్ళీ తెరుద్దామంటే, తమ వాటా ఎక్కడ పోతుందోనని నాకు ఓటేసేవాడు ఒక్కడుండడు." ఆయన బల్ల మీది కాగితాలు దొంతి పెట్టాడు. "ఆయన అంత మాటన్నాక నేను నిన్నెందుకు అడిగాననుకున్నావ్? ఏం, నాకు తెలీక అడిగానా? నీకు తలుపు తీద్దామని అడిగాను. నువ్వే వేసేసుకున్నావ్."

మార్లిస్ థాంక్సండి అనేసి బయటికి వచ్చింది. ఎందుకు థాంక్స్ చెప్పిందో మెట్లు దిగుతున్నంతసేపూ అర్థం కాలేదు.

ఏప్రిల్‌లో మంచు కరిగింది. జూన్ ఆఖరుకు హేచరీ మూసేయాలి కాబట్టి ఆ ఏటి గుడ్లే ఆఖరి గుడ్లు. బావకు నిజం చెప్పేయాలని మార్లిస్ నార్డెన్ వెళ్ళింది. తిట్టనీ, చెయ్యి చేసుకోనీ, జన్మలో మొహం చూడనని అననీ. ఏదైనా సరే, ఆయన తనను అలా జాలిగా చూడడం మాత్రం ఆగాలి. అది ఇక భరించలేకపోయింది.

ఓర్విల్ రబ్బరు ప్యాంటు తొడుక్కుని నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. చేతుల్లో నిండు చూలుతో ఉన్న పెద్ద ఆడ చేప. టోయివోవాళ్ళు కొంచెం దూరంలో వల సర్దుతున్నారు. మార్లిస్ గట్టు అంచున కూర్చుని, గొంతు తగ్గించి, ఏదీ దాచకుండా చెప్పింది. నాలుగో అంతస్తు గురించి చెప్పింది. ప్రోక్టర్ అన్న మాటలు చెప్పింది. మంటలార్పే కుర్రాళ్ళు లేరని చెప్పింది.

ఓర్విల్ వింటూనే చేప పొట్ట నిమిరాడు. గుడ్లు పసుపుగా గిన్నెలోకి జారాయి. మధ్యలో ఆగి నీళ్ళ బయటే పట్టుకుని ఉంటే చేప చస్తుంది. పూర్తయ్యాక దాన్ని నీళ్ళలోకి వంచి పట్టుకుని, అది తోక ఆడించేదాకా ఆగి, వదిలేశాడు.

"లేరా?" అన్నాడు.

"లేరు బావా. ఎప్పుడూ లేరు."

"మరి నేనెవరి కోసం వదిలేసుకున్నాను?"

ఆమెకు ఏడుపొచ్చింది. ఓర్విల్ ఆమెను ఊరడించలేదు. ఆయన ముఖంలో ఆ జాలి పోయింది. ఆమె కోరుకున్నదే. పోయాక తెలిసింది, ఇంతకాలం తాను నిలబడింది దాని మీదేనని.

"ఇంకెవరికన్నా చెప్పావా?"

"ప్రోక్టర్‌కి. అంతే. అందరికీ చెప్తాను బావా. టోయివోవాళ్ళకి ఇప్పుడే చెప్తాను."

"చెప్పకు." ఆయన గొంతు ఎప్పుడూ అంత కరుగ్గా వినలేదు ఆమె. "నా మాట మీద వాళ్ళు ముగ్గురూ సరేనన్నారు. ఇళ్ళకెళ్ళి పెళ్ళాం పిల్లలకి చెప్పుకున్నారు, మన వల్ల ఇద్దరు కుర్రాళ్ళు నిలబడ్డారని. టోయివో ఇల్లు అమ్మకానికి పెట్టాడు. అయినా రోజూ ఈల వేసుకుంటూ వస్తాడు. వాళ్ళకి మిగిలింది అదొక్కటే. చెప్పేసి నువ్వు తేలికపడితే, వాళ్ళకి అది కూడా ఉండదు. నోరు మూసుకుని మొయ్యి. నేనూ మోస్తాను."

భోజనాల వేళయింది. అందరూ గట్టు మీద దుంగల మీద కూర్చున్నారు. వెళ్ళిపోదామని లేచిన మార్లిస్‌ను టోయివో వదల్లేదు. తన సాండ్‌విచ్ సగం విరిచి ఆమె చేతిలో పెట్టాడు. థర్మాస్ మూతలో కాఫీ పోసిచ్చాడు.

"మీరు కష్టమైన పని చేశారండీ. మా ఆవిడ మొదట్లో మిమ్మల్ని నానా మాటలూ అంది. ఓర్విల్ అంతా వివరించాక ఇప్పుడేం అనట్లేదు. పైగా ఆదివారం చర్చిలో ఆ ఇద్దరు కుర్రాళ్ళ కోసం ప్రార్థన చేయిస్తానంటోంది. మంటల కాలం వస్తోంది కదా. ఊరంతా కలిసి చేద్దామనుకుంటున్నారు. పేర్లు తెలీక ఆగారు." ఆయన చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "వాళ్ళ పేర్లేంటండీ?"

మార్లిస్ ఓర్విల్ వైపు చూసింది. ఆయన నది వైపు చూస్తున్నాడు, తల తిప్పలేదు.

"ఒకతను వార్నర్" అంది. "రెండో అతను... కెర్మిట్."

"కెర్మిట్! మా మామయ్య పేరే" అని టోయివో సంబరపడ్డాడు. జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి, సాండ్‌విచ్ చుట్టిన కాగితం మోకాలి మీద చదును చేసి, పెద్ద పెద్ద అక్షరాలతో రెండు పేర్లూ రాసుకున్నాడు. చర్చిలో ఇంటిపేర్లు కూడా చదవాలి కదా అని అడిగాడు. మార్లిస్ అవీ చెప్పింది.